అలవాటు పడే మందుల చీటీలపై పర్యవేక్షణ: హైదరాబాద్ క్లినిక్‌కు, మెడికల్ షాపుకు ఏ పద్ధతి తగినది?

హైదరాబాద్‌లో మెడికల్ షాపు నడిపేవారైనా, పది ఇరవై పడకల నర్సింగ్ హోమ్ చూసుకునేవారైనా, ఆల్ప్రజోలం, జోల్పిడెమ్ అనే నిద్రమందులు, ట్రమడాల్ అనే నొప్పి మందు వంటివాటి దగ్గరికి వచ్చేసరికి రెండు బాధ్యతలను ఒకేసారి మోయవలసి వస్తుంది. అవసరమున్న రోగికి మందు ఆగకూడదు, అదే మందు అవసరం లేని చేతికి చేరకూడదు. ఈ రెండింటినీ కాపాడుకోవడానికి చేతితో రాసే రిజిస్టరు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఆసుపత్రి రికార్డుతో కలిసిన ఫార్మసీ, డాక్టరుకూ రోగికీ మధ్య రాతపూర్వక అంగీకారం వంటి పద్ధతులు మనకు అందుబాటులో ఉన్నాయి. కొన్ని దేశాల్లో రాష్ట్రమంతటికీ ఒకటిగా పనిచేసే చీటీల పర్యవేక్షణ వ్యవస్థలు కూడా ఉన్నాయి. వీటిలో ఏది ఎవరికి సరిపోతుందో, ఏది ఎక్కడ చతికిలపడుతుందో పోల్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. పోలికకు నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: మందు కౌంటరు దాటకముందే, ఆ రోగి ఇటీవల ఏం తీసుకున్నాడన్న సమాచారం దాన్ని చూడవలసిన మనిషి కళ్ల ముందుకు వస్తోందా లేదా? ఆరునెలల తర్వాత తనిఖీకి పనికివచ్చే లెక్క వేరు, మందు ఇచ్చే క్షణంలో పనికివచ్చే సమాచారం వేరు. చాలాచోట్ల మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు.

సమస్య ఎంత పెద్దదో చెప్పడానికి ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే చాలు. దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 1.08 శాతం మంది, అంటే కోటికి పైగా మనుషులు, నిద్రమాత్రలూ మత్తు కలిగించే మందులూ వైద్య అవసరం లేకుండా వాడుతున్నారని ఆ సర్వే తేల్చింది. తెలంగాణకు ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇక్కడ కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం చాలాకాలంగా సాగుతున్న దారుణం. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో అలాంటి కల్లు తాగి మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కల్లులో కలిసే ఆల్ప్రజోలం ప్రధానంగా పొడి రూపంలో అక్రమ తయారీ నుంచి వస్తుంది కాబట్టి, చీటీల మీద ఎంత నిఘా పెట్టినా అది ఆగదు. అయితే ఆ కల్లుకు అలవాటు పడిన మనిషి, కల్లు దొరకని రోజున చేతులు వణుకుతూ, నిద్ర పట్టక మన క్లినిక్‌కే, మన షాపుకే వస్తాడు. ఆ మనిషిని ఎలా గుర్తించాలి, గుర్తించాక ఏం చేయాలి అన్నది కూడా ఈ పద్ధతుల ఎంపికలో భాగమే.

చట్టం అడిగే కనీసం

ఏ పద్ధతి ఎంచుకున్నా దానికి అడుగున ఉండే నేల చట్టమే. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ హెచ్1 అనే జాబితా 2013లో చేరి, 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆల్ప్రజోలం, డయాజెపామ్, నైట్రజెపామ్, మిడజోలం, జోల్పిడెమ్, కోడీన్, ట్రమడాల్, పెంటజోసిన్, బ్యూప్రెనార్ఫిన్ ఇందులో ఉన్నాయి. వీటిని ఇచ్చినప్పుడు, ఇచ్చిన సమయంలోనే, ప్రత్యేక రిజిస్టరులో డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం రాయాలి. ఆ రిజిస్టరును మూడేళ్లు భద్రపరచాలి. కెటమిన్, మిథైల్‌ఫెనిడేట్ వంటివి ఉన్న షెడ్యూల్ ఎక్స్‌కు నియమాలు ఇంకా కఠినం: విడిగా లైసెన్సు కావాలి, మందును తాళం వేసిన అల్మారాలో ఉంచాలి, చీటీ రెండు ప్రతులుగా ఉండాలి, అందులో ఒకటి షాపులో రెండేళ్లు ఉండాలి. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోకి కూడా తెచ్చారు కాబట్టి, దాని లెక్క తప్పితే లైసెన్సు సమస్యతో ఆగదు, క్రిమినల్ కేసు దాకా వెళ్లవచ్చు.

హెచ్1 రిజిస్టరు ఏం అడుగుతోందో ఒకసారి నిదానంగా చూడండి. డాక్టరు చిరునామా అడుగుతుంది. రోగి విషయంలో మాత్రం పేరు చాలునంటుంది. అంటే ఏ డాక్టరు రాశారన్నది ఇన్‌స్పెక్టరుకు తెలియడానికి ఆ రిజిస్టరు బాగా ఉపకరిస్తుంది గానీ, ఎదురుగా నిలబడ్డ ఈ శ్రీనివాస్ పది రోజుల కిందట వచ్చిన శ్రీనివాసేనా అన్న ప్రశ్నకు జవాబివ్వదు. పైగా అది తేదీల వరుసలో ఉంటుంది. పాత పేజీలు తిరగేసి వెతికే తీరిక సాయంత్రం ఏడు గంటల రద్దీలో ఏ ఫార్మసిస్టుకూ ఉండదు. మన నగరంలో పేర్ల సంగతి మరీ కష్టం. ఒకే మనిషి ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట పొడి అక్షరాలతో, ఒకచోట పిలుపు పేరుతో నమోదవుతాడు. మహమ్మద్ అన్న పేరును ఇంగ్లిషులో నాలుగైదు రకాలుగా రాస్తారు.

అందువల్ల రిజిస్టరు పనికిరాదని కాదు, దానికి ఒక చిన్న తోడు కావాలి. రోజుకు ఇలాంటి చీటీలు పది పదిహేనుకు మించని షాపులో, రిజిస్టరు పక్కనే అక్షరక్రమంలో మరో నోటుపుస్తకం పెట్టి, రోగికి ఒక పేజీ చొప్పున ఫోన్ నంబరు, తేదీ, మాత్రల సంఖ్య రాసుకుంటే ఖర్చు యాభై రూపాయలు దాటదు. మందు ఇచ్చే ముందు ఆ ఒక్క పేజీ చూస్తే చాలు. ఇది చట్టం అడగని పని, కానీ రిజిస్టరుకు లేని చూపును ఇచ్చేది ఇదే.

అందరూ మరిచిపోయిన ముద్ర

పరికరాల గురించి మాట్లాడే ముందు, దాదాపు ఖర్చు లేని మరో నియమాన్ని గట్టిగా గుర్తుచేయాలని ఉంది. షెడ్యూల్ హెచ్ (డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వవలసిన మందుల జాబితా), ఎక్స్ మందులు ఇచ్చినప్పుడు అసలు చీటీ మీద, డాక్టరు సంతకానికి పైన, షాపు పేరు, చిరునామా, ఇచ్చిన తేదీ రాయాలని డ్రగ్స్ రూల్స్‌లోని 65వ నియమం చెబుతోంది. మళ్లీ ఇవ్వవచ్చని డాక్టరు స్వయంగా రాస్తే తప్ప ఒక చీటీకి ఒక్కసారే మందు ఇవ్వాలని కూడా అదే నియమం చెబుతోంది. నగరంలో ఎన్ని షాపుల్లో ఈ వివరాలున్న ముద్ర పడుతోందో మీ చేతిలోని పాత చీటీలు తీసి చూస్తే మీకే తెలుస్తుంది.

ఈ ముద్ర విలువ ఏమిటంటే, మన దగ్గర షాపులను కలిపే కంప్యూటరు వ్యవస్థ ఏదీ లేనప్పుడు, ఒక షాపు నుంచి ఇంకో షాపుకు సమాచారం మోసుకుపోగలిగేది ఆ కాగితం ఒక్కటే. రోగి అమీర్‌పేటలో 30 మాత్రలు తీసుకుని, అదే చీటీతో మరునాడు దిల్‌సుఖ్‌నగర్ వెళితే, అక్కడి ఫార్మసిస్టుకు విషయం తెలియడానికి ఆ నీలి సిరా ముద్ర తప్ప మరో ఆధారం లేదు. ముద్రలో తేదీతో పాటు ఇచ్చిన మాత్రల సంఖ్య కూడా రాస్తే మరీ మంచిది. చీటీని ఫోన్‌లో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, ఇంటికే తెప్పించుకునే అలవాటు ఈ మధ్య బాగా పెరిగింది. బీపీ మాత్రలకు ఆ సౌకర్యం ఉండనివ్వండి గానీ, ఫోటో మీద ముద్ర వేయలేం కాబట్టి హెచ్1 మందులకు అసలు కాగితం చూడనిదే ఇవ్వకూడదన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం. మంచం దిగలేని రోగి అయితే మందు తెచ్చే కుర్రాడి చేతికి అసలు చీటీ ఇచ్చి పంపమని చెప్పవచ్చు. ముద్ర వేసి తిప్పి పంపడానికి అరగంట ఎక్కువ పడుతుంది, అంతే.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: ఎప్పుడు లాభం, ఎప్పుడు భ్రమ

కోఠిలోని హోల్‌సేల్ దుకాణాల నుంచి కాలనీ షాపుల దాకా ఇప్పుడు బిల్లు కంప్యూటరులోనే పడుతోంది. చాలా సాఫ్ట్‌వేర్‌లలో హెచ్1 మందుల అమ్మకాలను విడిగా తీసి చూపే సౌకర్యం ఉంటుంది. రిజిస్టరుతో పోలిస్తే దీని బలం వెతుకులాటలో ఉంది: ఫోన్ నంబరు కొడితే ఆ నంబరు మీద ఇంతకుముందు పడిన బిల్లులన్నీ ఒక్క తెరపై కనిపిస్తాయి. నాలుగైదు శాఖలున్న షాపులకు ఈ లాభం ఇంకా పెద్దది, ఎందుకంటే మలక్‌పేట శాఖలో కొన్నది మెహదీపట్నం శాఖలో కనిపిస్తుంది. అయితే అన్ని శాఖలకూ రోగి చరిత్ర ఒకేచోట ఉంటుందా, లేక స్టాకు మాత్రమే కలిసి రోగుల వివరాలు ఏ శాఖకు ఆ శాఖగా ఉంటాయా అన్నది కొనేముందే అడిగి తెలుసుకోవాలి. అమ్మేవాళ్లు ‘అంతా సెంట్రల్ సర్వరే’ అంటారు. నమూనా రోగి పేరుతో ఒక శాఖలో బిల్లు వేయించి, మరో శాఖలో వెతికించి చూడకుండా నమ్మవద్దు.

సాఫ్ట్‌వేర్ భ్రమగా మారేది మాత్రం ‘క్యాష్’ బిల్లు దగ్గర. తొందరలో ఉన్న సేల్స్ అబ్బాయి రోగి పేరు గడిలో క్యాష్ అని, డాక్టరు గడిలో ఎవరో ఒకరి పేరు కొట్టి బిల్లు తీసేస్తాడు. స్టాకు లెక్క సరిపోతుంది, పన్ను లెక్క సరిపోతుంది, నెలాఖరు రిపోర్టు అందంగా వస్తుంది. రోగి చరిత్ర మాత్రం ఖాళీ. ఇలా నడిచే సాఫ్ట్‌వేర్ కంటే నిజాయితీగా రాసిన చేతి రిజిస్టరు ఎంతో మేలు, ఎందుకంటే రిజిస్టరు ఉన్నవాడికి తన దగ్గర ఏం లేదో తెలుస్తుంది, క్యాష్ బిల్లుల యజమాని మాత్రం తన దగ్గర అంతా ఉందనుకుంటాడు. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేవారు ముందుగా చూడవలసినది, హెచ్1 మందు బిల్లులోకి రాగానే రోగి పేరు, ఫోన్ నంబరు, డాక్టరు వివరం నింపనిదే బిల్లు ముందుకు కదలకుండా ఆపగలదా అన్నది. రెండోది, మునుపు ఇచ్చిన మాత్రలు ఇంకా ఎన్ని రోజులు రావాలో లెక్కగట్టి, గడువుకు ముందే వస్తే హెచ్చరించగలదా అన్నది. మొదటిది లేకపోతే కొనవద్దు. రెండోది లేకపోతే ఆ లెక్క ఫార్మసిస్టు మనసులో వేసుకోగలడు, పెద్ద నష్టం లేదు.

ఫోన్ నంబరును గుర్తుగా వాడడంలో లోపాలు లేకపోలేదు. ఇంటిల్లిపాదీ తండ్రి నంబరే చెబుతారు. దురుద్దేశం ఉన్నవాడి జేబులో రెండు సిమ్ములుంటాయి. 2021 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద వచ్చిన 14 అంకెల ఆరోగ్య గుర్తింపు సంఖ్య, ఆభా, ఇంతకంటే నమ్మకమైన గుర్తు. కానీ అది స్వచ్ఛందం, రోగి ఇష్టంతో ఇస్తేనే తీసుకోవాలి, లేదన్న కారణంతో మందు నిరాకరించకూడదు. మోసం చేయదలచినవాడు దాన్ని ఎలాగూ ఇవ్వడు కాబట్టి, ఆభాను నిఘా సాధనంగా కాక, నిజాయితీపరుడైన రోగికి ఉపయోగపడే చరిత్రగా చూడడమే సబబు.

నర్సింగ్ హోమ్ అయితే

సొంత ఫార్మసీ ఉన్న నర్సింగ్ హోమ్‌కు షాపుకు లేని ఒక అవకాశం ఉంది. డాక్టరు చీటీ రాసే తెరమీదే రోగి గత బిల్లులు కనిపించేలా చేసుకోవచ్చు. కౌంటరు దగ్గర ఫార్మసిస్టు అభ్యంతరం చెప్పడం కంటే, రాసే చేతి దగ్గరే సమాచారం ఉండడం ఎన్నో రెట్లు మేలు. అక్కడ రోగితో తీరిగ్గా మాట్లాడే వీలుంటుంది, అవమానం జరగదు. ముఖ్యంగా ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ (నల్లమందు కోవకు చెందిన నొప్పి) మందు, ఆల్ప్రజోలం వంటి నిద్రమందు ఒకే మనిషికి వేర్వేరు డాక్టర్లు రాసినప్పుడు ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. ఈ జంట గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను జారీ చేసింది. ఎముకల డాక్టరు మొదటి అంతస్తులో, మానసిక వైద్యుడు రెండో అంతస్తులో కూర్చునే ఆసుపత్రిలో ఈ రెండు చీటీలూ ఒకచోట కలిసేది ఫార్మసీ తెరమీదే. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు గదుల అద్దె, బీమా క్లెయిముల గురించి పది ప్రశ్నలు వేసే యాజమాన్యాలు ఈ ఒక్క ప్రశ్న కూడా వేయాలని కోరుతున్నాను.

ఆసుపత్రిలో నిఘా రోగుల మీదే కాదు, మన సొంత అల్మారా మీద కూడా ఉండాలి. ఆపరేషన్ థియేటరులో వాడే ఫెంటానిల్, మార్ఫిన్, కెటమిన్, మిడజోలం ఆంప్యూళ్లు (ఇంజెక్షన్ మందు గాజు సీసాలు) దారి తప్పేది చాలాసార్లు లోపలినుంచే. దీనికి ఏ ఖరీదైన పరికరమూ అక్కరలేదు: వాడిన ఖాళీ ఆంప్యూలు తిరిగి ఇస్తేనే కొత్తది ఇవ్వడం, మిగిలిన మందును ఇద్దరి ఎదుట పారబోసి ఇద్దరూ సంతకం చేయడం, ప్రతి షిఫ్టు మారేటప్పుడు లెక్కపెట్టి అప్పగించడం. మత్తు డాక్టరు ఎంత పెద్దవారైనా ఈ మూడింటికీ మినహాయింపు ఉండకూడదు.

ఒకే డాక్టరు, ఒకే షాపు

మానసిక వైద్యులకు, నొప్పి చికిత్స చేసేవారికి మరో మార్గం ఉంది. దీర్ఘకాలం ఇలాంటి మందు వాడవలసిన రోగితో మొదటి రోజే మాట్లాడి, మందు ఒక్క డాక్టరు దగ్గరే రాయించుకోవాలని, ఒక్క షాపులోనే కొనాలని, పోయిందంటే ముందుగా ఇవ్వడం కుదరదని, ఎప్పుడు తగ్గిస్తూ ఆపాలో కలిసి నిర్ణయించుకుందామని తెలుగులో, లేదా రోగి చదవగలిగిన భాషలో, ఒక కాగితం మీద రాసుకోవడం. నెలకు సరిపడా ఇవ్వకుండా వారానికో, రెండు వారాలకో ఇవ్వడం ఇందులో భాగం. ఈ పద్ధతి సాంకేతికంగా అన్నిటికంటే చిన్నది, అయినా రోగి అందులో భాగస్వామి అవుతాడు కాబట్టి నా దృష్టిలో దీని విలువ ఎక్కువ. లోపం ఏమిటంటే ఇది నమ్మకం మీద నడుస్తుంది. ఆ రోగి నగరం అవతలి చివర ఇంకో డాక్టరును కలిస్తే మనకు తెలిసే దారి లేదు. అలాగే దీన్ని బెదిరింపు పత్రంగా రాస్తే రోగి నిజం దాచడం మొదలుపెడతాడు. రెండు వారాలకోసారి రమ్మంటే వికారాబాద్ నుంచో, యాదాద్రి నుంచో వచ్చే రోగికి బస్సు చార్జీలతో పాటు ఒక రోజు కూలీ పోతుందన్నది కూడా మరువకూడదు. అలాంటివారికి వాళ్ల ఊరి దగ్గరి నమ్మకమైన షాపును డాక్టరే ఎంచి, చీటీ మీద ఆ షాపు పేరు, విడతల తేదీలు రాసి ఇవ్వడం మంచి మధ్యేమార్గం.

ఇళ్లలో పెద్దవాళ్ల నిద్రమాత్రలు చూసుకునే కోడళ్లకు, కొడుకులకు దీని నుంచి తీసుకోదగినది ఒకటుంది: మాత్రల డబ్బాను తాళంలో ఉంచి, వారానికోసారి లెక్కపెట్టడం. ఇంట్లో యుక్తవయసు పిల్లలుంటే ఇది తప్పనిసరి.

వద్దని చెప్పవలసిన పద్ధతి

అనుమానం కలిగిన రోగి ఫోటోను, చీటీని, ఫోన్ నంబరును పక్క షాపులవాళ్లకు హెచ్చరికగా వాట్సాప్ గ్రూపులో పెట్టాలన్న ఆలోచన చాలామందికి సహజంగానే వస్తుంది. ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ దీన్ని ఎవరూ ఎంచుకోకూడదు. మానసిక చికిత్స పొందుతున్న వ్యక్తి వివరాలు గోప్యంగా ఉండాలన్నది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. వ్యక్తిగత డేటా గురించి 2023లో విడిగా చట్టమే వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, కాలనీలో ఒక ఆడపిల్ల ఆందోళనకు మందు వాడుతోందన్న విషయం గ్రూపులోకి వెళ్లాక దాన్ని వెనక్కి తీసుకోలేం. పైగా అనుమానం తప్పయినప్పుడు దిద్దుకునే మార్గం అక్కడ ఉండదు. షాపుల మధ్య పంచుకోదగినవి రెండే: నకిలీ చీటీ నమూనా, అదీ రోగి పేరు కొట్టివేసి, దొంగిలించిన ముద్ర లేదా చీటీ పుస్తకం గురించిన సమాచారం.

రాష్ట్రమంతటికీ ఒకే వ్యవస్థ: ఇతరుల అనుభవం

పైన చెప్పినవన్నీ ఒక గోడ దగ్గర ఆగిపోతాయి. ఒక మనిషి అమీర్‌పేట డాక్టరు చీటీతో 30 మాత్రలు, దిల్‌సుఖ్‌నగర్ డాక్టరు చీటీతో ఇంకో 30 మాత్రలు, వేర్వేరు షాపుల్లో తీసుకున్నాడనుకోండి. రెండు షాపుల రిజిస్టర్లూ నిర్దోషంగా ఉంటాయి, ఇద్దరు డాక్టర్లూ సరైన మోతాదే రాసి ఉంటారు, ఆ 60 మాత్రలను కలిపి చూసే కన్ను మాత్రం ఎక్కడా ఉండదు. ఆ కన్నే చీటీల పర్యవేక్షణ వ్యవస్థ. మన దేశంలో దేశవ్యాప్తంగా అలాంటిది లేదు. పంజాబ్‌లో 2017లో మొదలైన ఓపియాయిడ్ విముక్తి కేంద్రాల్లో బ్యూప్రెనార్ఫిన్ ఇవ్వడానికి వేలిముద్రతో పనిచేసే ఆన్‌లైన్ రిజిస్ట్రీ ఉంది. అది ఒక్క చికిత్సకు పరిమితమైనదే అయినా, మన దగ్గర సాధ్యం కాదనేవారికి అది జవాబు.

అమెరికాలో కాలిఫోర్నియా 1939లోనే ఇలాంటి కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. అన్ని రాష్ట్రాలకంటే ఆలస్యంగా మిస్సోరి 2021లో చట్టం చేసింది. ఎనభై ఏళ్ల ఆ ప్రయాణంలో మనకు పనికివచ్చే పాఠం వేగానిది. మొదట్లో సమాచారం కాగితాల మీద వారాల తర్వాత చేరేది. అది పోలీసుకు పనికివచ్చింది, డాక్టరుకు పనికిరాలేదు. ఓక్లహోమా 2012లో మందు ఇచ్చిన నిమిషాల్లోనే నమోదు కావాలని నియమం పెట్టింది. న్యూయార్క్ 2013 ఆగస్టు నుంచి డాక్టరు చీటీ రాసే ముందు రిజిస్ట్రీ చూడడం తప్పనిసరి చేసింది. చూడడం ఇష్టానికి వదిలేసిన చోట చాలామంది డాక్టర్లు చూడలేదు. తప్పనిసరి చేసిన చోట, ఒకే రోగి అనేకమంది డాక్టర్ల దగ్గర మందు రాయించుకోవడం తగ్గింది. అయితే మొత్తం మరణాల మీద ప్రభావం గురించి పరిశోధనల ఫలితాలు ఒక్క తీరుగా లేవు. మాత్రలు దొరకని కొందరు హెరాయిన్ వైపు మళ్లారన్న ఆందోళన కూడా ఉంది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం తెచ్చిన సేఫ్‌స్క్రిప్ట్ నాకు మన అవసరాలకు దగ్గరగా తోస్తుంది. 2019లో రాష్ట్రమంతటా మొదలై, 2020 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయిన ఈ వ్యవస్థలో డాక్టరుకు, ఫార్మసిస్టుకు ఆకుపచ్చ, కాషాయం, ఎరుపు రంగుల్లో సూచన వస్తుంది. ఓపియాయిడ్లతో ఆగకుండా ఆల్ప్రజోలం, డయాజెపామ్ వంటివాటినీ, జోల్పిడెమ్‌నూ కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. మన దగ్గర సమస్య నిద్రమందులతోనే ఎక్కువ కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. ఎరుపు వచ్చినా మందు ఇవ్వవద్దని ఆ వ్యవస్థ ఆదేశించదు, నిర్ణయం వైద్యుడిదే.

దీనికి భిన్నంగా, అమెరికాలో చాలాచోట్ల వాడుతున్న నార్క్స్‌కేర్ అనే సాధనం రోగికి 0 నుంచి 999 వరకు ప్రమాదపు అంకె కట్టిస్తుంది. ఆ అంకె ఎలా వస్తుందో రోగికి తెలియదు. ఎక్కువమంది డాక్టర్లను చూసే క్యాన్సర్ రోగికి ఎక్కువ అంకె రావడం, పెంపుడు కుక్కకు రాసిన మందులు యజమాని ఖాతాలో పడి ఆమెను అనుమానితురాలిని చేయడం వంటివి అక్కడ వార్తలకెక్కాయి. తెలంగాణ ఎప్పుడైనా ఇలాంటి వ్యవస్థ తెస్తే, తేదీలూ మాత్రల సంఖ్యలూ ఉన్నవి ఉన్నట్టు చూపే పద్ధతి కావాలి గానీ, మనిషికి మార్కులు వేసే పద్ధతి వద్దని వైద్య సంఘాలు ముందుగానే చెప్పాలి.

ఏది ఎవరికి

ఒంటరి కాలనీ షాపుకు: ముద్ర, రిజిస్టరు, రోగికో పేజీ నోటుపుస్తకం. సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉంటే హెచ్1 మందులకు క్యాష్ బిల్లును మూసివేయించడం, ఇంకేమీ కొనవద్దు. అనేక శాఖలున్నవారికి రోగి చరిత్ర కలిసే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి. అది లేకుండా ఇన్ని శాఖల్లో ఆల్ప్రజోలం అమ్మడం బాధ్యత గల పని కాదు. నర్సింగ్ హోమ్‌కు చీటీ రాసే తెరమీద గత చరిత్ర, థియేటరులో ఆంప్యూళ్ల లెక్క. మానసిక వైద్యుడి క్లినిక్‌కు రాతపూర్వక అంగీకారం, చిన్న విడతలు. వీడియో సంప్రదింపులు చేసేవారు 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలను గుర్తుంచుకోవాలి. షెడ్యూల్ ఎక్స్ మందులు ఆ పద్ధతిలో రాయడానికి వీల్లేదు.

క్యాన్సర్ నొప్పికి చికిత్స చేసే కేంద్రాలను ఈ తూకంలో వేరుగా ఉంచాలి. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించి మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్‌లను అత్యావశ్యక మాదక ఔషధాలుగా గుర్తించినది, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు అవి సులభంగా అందాలనే. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి నుంచి మార్ఫిన్ తీసుకెళ్లే రోగి మీద అనుమానపు చూపు పడితే, మన పర్యవేక్షణ దారి తప్పినట్టే. అక్కడ కావలసిన లెక్క మందు నిల్వది. రోగి విషయంలో చూడవలసినది అతని నొప్పి తగ్గిందా అన్నదే.

రికార్డు ఎరుపు చూపినప్పుడు

ఏ పద్ధతి అయినా చివరికి ఒక క్షణానికి తెస్తుంది: ఈ మనిషి మోతాదుకు మించి తీసుకుంటున్నాడని తెలిసిపోయింది, ఇప్పుడేం చేయాలి? ‘ఇవ్వం, వెళ్లు’ అనడం అన్నిటికంటే సులభం, అన్నిటికంటే ప్రమాదకరం. నెలల తరబడి ఆల్ప్రజోలం వాడినవారికి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు, వణుకు, భ్రమలు, ఫిట్స్‌తో వచ్చినవారితో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమూ జిల్లా ఆసుపత్రులూ కిటకిటలాడాయి. ఓపియాయిడ్లను హఠాత్తుగా ఆపవద్దని 2019లో, నిద్రమందుల అలవాటు, ఆపినప్పుడు వచ్చే బాధల గురించి 2020లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. పర్యవేక్షణ రికార్డును చూపి రోగిని చికిత్స నుంచి వెళ్లగొట్టవద్దని అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2022 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి.

నకిలీ చీటీతో అమ్మకానికి కొనేవాడు వేరు. అలాంటివాటిపై రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగానికి 1800-599-6969 నంబరులో, ముఠా వ్యాపారం అనిపిస్తే తెలంగాణ పోలీసుల మాదకద్రవ్య నిరోధక విభాగం ఈగల్‌కు 1908 నంబరులో తెలపాలి. అలవాటులో చిక్కుకున్న రోగికి మాత్రం దారి చికిత్స వైపే ఉండాలి. పక్కకు పిలిచి, అందరి ముందు కాకుండా, ‘ఈ నెలలో మీరు ఇన్ని తీసుకున్నట్టు కనిపిస్తోంది, నిద్ర అసలు పట్టడం లేదా?’ అని అడగడంతో మొదలుపెట్టవచ్చు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, జాతీయ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 నంబర్లను కౌంటరు దగ్గర రోగులకు కనిపించేలా రాసి ఉంచండి. ఫార్మసిస్టు తన గమనికను రాసిన డాక్టరుకు ఫోన్‌లో చెప్పాలి. డాక్టరు ఎర్రగడ్డకో, దగ్గరి మానసిక వైద్యుడికో ఉత్తరం రాసి పంపేటప్పుడు మందు పేరు, రోజు మోతాదు, ఎంతకాలంగా వాడుతున్నదీ, చివరిసారి ఏ తేదీన ఎన్ని ఇచ్చినదీ అందులో ఉండాలి. రోగి అక్కడ చేరేవరకు మోతాదు తెగిపోకుండా డాక్టరు నిర్ణయించిన మేరకు మూడు నాలుగు రోజుల మందు కొత్త చీటీ మీద రాసి ఇవ్వాలి, షాపు ఆ చీటీ మీద తేదీతో, మాత్రల సంఖ్యతో ముద్ర వేయాలి, వారం తర్వాత రోగి అక్కడికి వెళ్లాడో లేదో ఒక ఫోన్ చేసి కనుక్కోవాలి.